లాభం, రెండు, మూడు

కంప్యూటరు ముందువైపు హెడ్‌ఫోను జాక్ పనిచెయ్యకపోతే కొంపలేం మునిగిపోవు. వెనకాల ఇంకోటి ఉంటుంది, అందులో గుచ్చుకుంటే సరిపోతుంది. తాతబ్బాయి ముప్ఫయ్యేళ్ళుగా రేడియోలు, టేపురికార్డర్లు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసి బతికినవాడు. ఇలాంటి ఫిర్యాదు వస్తే నవ్వేసి, వెనకాల గుచ్చి చూపించి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేసేవాడు. ఆ ఆదివారం పొద్దున మాత్రం నవ్వే వీలు లేకపోయింది. బుధవారం ఢిల్లీనుంచి, ప్రయోగశాలకి డబ్బిచ్చే పెద్దలు వస్తున్నారు. ఒక్కొక్కరూ ఆ కంప్యూటరు ముందు కూర్చుని, ముందువైపు జాక్‌లోనే హెడ్‌ఫోను పెట్టుకుని వింటారు. అందులో చూస్తే గుర్రుమంటూ ఒకటే రొద.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల, ఒక పాత కాలేజీ మేడమీద ఉంది తాతబ్బాయి ఇప్పుడు పనిచేసే ఆ ప్రయోగశాల. నరాల డాక్టరు హైమవతి అక్కడ ఆరేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రానికి కాగితాలమీద బారెడు పేరుంది గానీ, తాతబ్బాయి మొదట్లో నోటికొచ్చి అనేసిన ‘పలుకుపెట్టె’ అన్న పేరే అందరికీ అలవాటైపోయింది. పైకి అది మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరే. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ మెడకి మెత్తటి పట్టీ ఒకటి కడతారు. మాట్లాడాలని మనిషి తలపెట్టగానే, గొంతు కదలకపోయినా అక్కడి నరాల్లో సన్నటి చలనం పుడుతుంది. దాన్ని పట్టీ పట్టుకుంటే, పెట్టెలోని మొదటి కార్డు ముడి ధ్వనిగా మారుస్తుంది. ఆ ధ్వని అడ్డదిడ్డంగా ఉంటుంది కనక లోపలి ప్రోగ్రాము దాన్ని సరిదిద్ది, ఖాళీలు పూరించి, నిండు వాక్యంగా చేసి స్పీకరులోంచి పలికిస్తుంది. పాత ఫోను రికార్డింగుల సాయంతో అచ్చం ఆ మనిషి గొంతే వినిపిస్తుంది.

ఆ పెట్టె మొట్టమొదట మాట్లాడించింది తాతబ్బాయి భార్య నూకరత్నాన్ని.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన నూకరత్నానికి ఊరంతా శత్రువులే ఉండాలి. దేవీచౌక్ దగ్గర పాతికేళ్ళు పూలబండి పెట్టి, బేరమాడిన ప్రతివాళ్ళకీ నాలుగు అంటించి మరీ మూర కొలిచేది. అయినా ఆ తిట్లు తినడానికే అన్నట్టు జనం ఆ బండి దగ్గరే ఆగేవాళ్ళు. తాతబ్బాయికి దండ కట్టడం నేర్పింది కూడా ఆవిడే. మొగుడు సోల్డరింగు చేసే చేత్తో పూలు ముట్టుకుంటే చూసి ఓర్చుకోలేక, బిగించకయ్యా, పువ్వు నలిగి చస్తుంది అని రోజూ కసిరేది.

రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం మల్లెమొగ్గలు కడుతూ కడుతూ పక్కకి ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ, కళ్ళు తప్ప ఒంట్లో ఏదీ చెప్పిన మాట వినలేదు. ఏడాది పైచిలుకు తాతబ్బాయి ఒక అట్టమీద అక్షరాలు రాసి, ఒక్కోదానిమీదా వేలుపెట్టి చూపిస్తుంటే ఆవిడ రెప్ప వేసేది. అన్నం అని చెప్పడానికి పావుగంట. తిట్టు తిట్టాలంటే పూటంతా పట్టేది, అయినా మానేది కాదు.

తర్వాత, ఎనిమిది నెలల క్రితం, పలుకుపెట్టె వచ్చింది. మొదటి వారం హైమవతి అట్టనీ పెట్టెనీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేసింది. మంచినీళ్ళు, ఫ్యాను, ఆకలి, నిద్ర అన్నీ సరిపోయాయి. అట్ట బీరువా ఎక్కింది. స్పీకరులోంచి “భోంచేశారా అండీ?” అని రత్నం గొంతు వినపడ్డ రోజున తాతబ్బాయి ప్రయోగశాల మెట్లమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఒక్క తేడా అతనికి అప్పుడే తెలిసింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో రత్నం అతన్ని అండీ అనలేదు, పెళ్ళిపీటల మీద కూడా. ఇదేమిటని అడిగితే, ఊళ్ళో వందమంది ఇల్లాళ్ళ మాటలు వినిపించి ప్రోగ్రాముకి వాక్యాలు నేర్పామని, అందుకని ఆ మర్యాద వచ్చిందని, వద్దంటే తీసేయొచ్చని హైమవతి చెప్పింది. తాతబ్బాయి కాసేపు ఆలోచించి, ఉండనివ్వండి మేడమ్ అన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే అది అతనికి నచ్చింది.

నాలుగు నెలల క్రితం ధవళేశ్వరంలో రత్నం అక్క చిట్టెమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. తల్లి పోయాక రత్నాన్ని పెంచింది ఆవిడే. తీసుకెళ్ళమంటావా అని అడిగితే స్పీకరు, “ఇప్పుడెందుకు లెండి, మీకు శ్రమ. తర్వాత చూద్దాం” అంది. పదకొండో రోజున చిట్టెమ్మ పోయింది. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక తాతబ్బాయి నసుగుతుంటే స్పీకరే అతన్ని ఓదార్చింది: “బాధపడకండి. అక్క అదృష్టవంతురాలు.” పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆవిడ గుండెధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఆ వారమంతా రత్నం కళ్ళవెంట నీళ్ళు ఆగకుండా కారాయి. ఈ జబ్బులో కన్నీళ్ళకి కారణం ఉండక్కర్లేదని డాక్టర్లు ముందే చెప్పారు కనక తాతబ్బాయి తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు.

ఇక ఆ ఆదివారం. చక్రాలకుర్చీలో నూకరత్నం కిటికీ పక్కన కూర్చుంది, మెడకి పట్టీతో. పెద్దల ముందు మాట్లాడాల్సింది ఆవిడే. తాతబ్బాయి తన పద్ధతిలో ఒక్కోటీ చూసుకుంటూ పోయాడు. హెడ్‌ఫోను తీసి తన ఫోనుకి పెట్టాడు, పాట శుభ్రంగా వచ్చింది. వెనకాల పచ్చ జాక్‌లో పెడితే అక్కడా బాగానే ఉంది. సౌండు సెట్టింగుల్లో ముందు జాక్ మూసి లేదు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేసి, ముందుగా వచ్చే నీలం సెట్టింగుల తెరలో కూడా చూశాడు. ముందు ప్యానెలు ధ్వని ఏ రకమో అక్కడ సరిగ్గానే రాసి ఉంది. అంటే తప్పు ప్రోగ్రాములో లేదు, తీగలో ఉంది. స్క్రూలు విప్పి పక్క రేకు తీశాడు.

లోపల చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ పెట్టె తీగలన్నీ తాతబ్బాయే సర్దాడు. మిగతావాళ్ళు ప్లాస్టిక్ పట్టీలతో నొక్కేస్తారు. ఇతను మైనపు దారంతో, రెండు తీగలు ఇటు రెండు తీగలు అటు వేసి, రత్నం నేర్పిన దండముడితో కింద మూలనుంచి ముందు ప్యానెలు దాకా ఒకే జడగా కట్టాడు. కొత్తగా చేరిన ఇంజినీర్లు దాన్ని ఫొటోలు తీసుకునేవాళ్ళు.

బోర్డు కింది మూలన, ముందు జాక్ తీగ కూర్చునే చోట, కనెక్టరు ఒక పక్క కొంచెం పైకి లేచి ఉంది. గ్రౌండు తీగ సరిగ్గా అందడంలేదన్నమాట. గ్రౌండు అందని తీగ ఊరికే ఉండదు, పక్క తీగలో ఏం పోతుంటే అది లాక్కుంటుంది. గుర్రుమనడానికి కారణం దొరికింది. వేలితో ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. నొక్కేముందు, రొద ఎంతుందో ఒకసారి విని తేడా చూసుకోవడం అతని అలవాటు. పెట్టె ఆన్ చేసి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు.

ముందు గుర్రుమంది. జల్లెడలో ఇసక తిప్పుతున్నట్టు ఒకటే చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడుకి ఒక నడక ఉన్నట్టనిపించింది. ఆగుతోంది, వస్తోంది, ఆగుతోంది. తాతబ్బాయి కళ్ళు మూసుకుని, రేడియోలో దూరపు స్టేషను పట్టుకునే రోజుల్లో విన్నట్టు విన్నాడు.

“...లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు... ఆరున్నొకటి...”

పూలు కొలిచేవాళ్ళు మొదటి మూరని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనే మాట నోట రానివ్వరు. వందమంది ఇల్లాళ్ళ దగ్గర పాఠం నేర్చుకున్న ప్రోగ్రాముకి ఆ లెక్క తెలిసే దారి లేదు. అదే క్షణంలో గదిలో స్పీకరు తియ్యగా, “అలసిపోయారు, కాస్త టీ తాగండి” అంది. హెడ్‌ఫోనులో లెక్క ఆగింది. ఇసకలోంచి, మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అదే గొంతు మళ్ళీ వచ్చింది.

“కాదయ్యా... అది నేను కాదు... ఎన్నిసార్లు చెప్పేది... అది నేను కాదు...”

తాతబ్బాయి కనెక్టరు నొక్కాడు. గొంతు మాయమైంది, నిశ్శబ్దం. కొంచెం పైకి లాగాడు. “అది నేను కాదు.” అతను లేచి, హెడ్‌ఫోను తీగ పొడుగున్నంత మేరా కుర్చీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి స్పీకరు వైపు కాకుండా ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“రత్నం, ఇది నువ్వేనా? నువ్వయితే ఒక్కసారి రెప్పెయ్యి.”

ఆవిడ రెప్ప వేసింది. ఇంకెప్పుడు అడుగుతాడా అని అన్నాళ్ళూ కాచుక్కూర్చున్న రెప్ప అది.

హైమవతి వచ్చేసరికి తాతబ్బాయి ఇంకా అక్కడే నేలమీద ఉన్నాడు. ఏం జరిగిందని అడిగితే, మీరోసారి ఇనండి మేడమ్ అని హెడ్‌ఫోను ఆమెకిచ్చాడు. ఆమె నిలబడి విన్నది, తర్వాత స్టూలుమీద కూర్చుని విన్నది. చాలాసేపటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. సంగతి అర్థం కావడానికి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి నెలలో ముడి ధ్వనిని వాళ్ళందరూ విన్నారు. అందులో అప్పుడు మాట లేదు, ఉత్త గీకుడు. ప్రోగ్రాము ఆ గీకుడుతోనే పాఠం నేర్చుకుంది. ఆ తర్వాత ముడి ధ్వని వినాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఈలోగా నూకరత్నం ఆ పట్టీతో పొద్దస్తమానం సాధన చేసింది. ఉయ్యాల్లో పిల్ల ఊకొట్టి ఊకొట్టి మాట నేర్చుకున్నట్టు, తనకొచ్చిన పూల లెక్కతో తన నరాలకి తనే మాట నేర్పుకుంది. ఆవిడ మాట ఎంత స్పష్టమైతే ప్రోగ్రాముకి అంత కొత్తదైంది. తెలియని మాటని రొద అనుకుని తీసేసి, ఆ చోట వందమంది ఇల్లాళ్ళు ఏమంటారో అది పెట్టింది.

తాతబ్బాయి తీగల జడ చూపించాడు. పట్టీనుంచి వచ్చే ముడి ధ్వని తీగనీ, ముందు జాక్ తీగనీ అతనే ఒక ముడిలో వేశాడు. వేరేవాళ్ళెవరూ ఆ రెండింటినీ అంత దగ్గరగా కట్టరు.

హైమవతి చెడ్డ మనిషి కాదు. ఆరేళ్ళలో ఆమె ఒక్క పండక్కి కూడా ఇంటికి వెళ్ళలేదు. ఆమె అరచేతుల్లో మొహం పెట్టుకుని ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. నలభై ఇళ్ళవాళ్ళు ఈ పెట్టెకోసం ఎదురుచూస్తున్నారంది. బుధవారం ఆ పెద్దలు కాదంటే ప్రయోగశాల మూతపడుతుంది, అప్పుడు ఈ ముడి ధ్వని కూడా ఎవరికీ మిగలదంది. అదంతా నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు.

“కనెక్టరు నొక్కెయ్యండి తాతబ్బాయి గారూ. ఈ నాలుగు రోజులు గడవనివ్వండి. గురువారం నించి నేనే కూర్చుని మొత్తం మారుస్తాను.”

తాతబ్బాయి కుర్చీవైపు చూశాడు. స్పీకరు, “మేడమ్ చెప్పినట్టు చెయ్యండి, మీరేం దిగులుపడకండి” అంది.

“నాలుగు రోజులేనండి మేడమ్,” అన్నాడు తాతబ్బాయి. “మనకి. ఆవిడికి ఎనిమిది నెలల మీద నాలుగు రోజులండి.” తలెత్తకుండానే అన్నాడు. “అండీ, అండీ అంటంటే నాకు బావుందండి. అది రత్నం కాదని లోపల నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నానండి. మీది పొరపాటు. నాది పొరపాటు కాదండి, తప్పు.”

హైమవతి లేచి, కంప్యూటరు వెనక్కి వెళ్ళి, స్పీకరు పిన్ను తనే పీకేసింది. దాన్ని తెచ్చి ముందువైపు జాక్‌లో గుచ్చి, శబ్దం పెంచింది.

గదంతా ఇసక రొద నిండింది. అందులోంచి నూకరత్నం మాట్లాడింది.

“అక్క కాడికి ఎళ్దామన్నాను... పదకొండు రోజులూ అన్నాను... నువ్వు దానికేసి చూసి తలూపేవు.”

“అవునే,” అన్నాడు తాతబ్బాయి.

“పోయిందన్నప్పుడు... ఏడిత్తే... తువ్వాలెట్టి తుడిసేవు.”

అతను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, కదలని ఆ పాదాలమీద తల ఆనించాడు. క్షమించమని అడిగేలోపే ఆవిడ వేరే మాట ఎత్తుకుంది. “అక్కా... ఓయమ్మా... నన్నెత్తుకు పెంచిన తల్లీ...” చావింట్లో ఆడవాళ్ళు ఎత్తుకునే శోకం అది, అదే రాగం, అదే తీరు. నాలుగు నెలలు ఆలస్యంగా, ఇసకలోంచి, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ రాగంలో చిట్టెమ్మ వండిపెట్టిన చేపలపులుసు ఉంది, పుష్కరాల్లో చెయ్యిపట్టి ముంచిన మునక ఉంది, మొదటిసారి బండికి తెచ్చిచ్చిన కనకాంబరాల బుట్ట ఉంది. తాతబ్బాయి ఈసారి తువ్వాలు తియ్యలేదు. ఆవిడతో పాటే ఏడ్చాడు. హైమవతి గోడకి ఆనుకుని నిలబడి, చివరిదాకా కదల్లేదు.

అంతా అయ్యాక, తీగల జడ విప్పి, ముడి ధ్వనిని నేరుగా స్పీకరుకి కలుపుదామని తాతబ్బాయి లేచాడు. ముడి ఎంత పీకినా రాలేదు. కిటికీ పక్కనించి గొంతు వచ్చింది.

“బిగించకని... నీకెప్పుడు చెప్పినా ఇంతే.”

అతను ముడి అలాగే వదిలేశాడు. కనెక్టరు నొక్కలేదు.

హైమవతి ఆ మధ్యాహ్నమే ఢిల్లీకి ఉత్తరం రాసింది, జరిగింది జరిగినట్టు. జవాబు ఏం వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆ జవాబు వచ్చేలోగా చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. పరీక్షకని ఊళ్ళో ఇంకో ఆరిళ్ళలో పలుకుపెట్టెలు పెట్టి ఏడో నెల నడుస్తోంది. ఆ పెట్టెల్లో తీగలు సర్దింది కూడా తాతబ్బాయే. అన్నిట్లోనూ అదే జడ, అదే ముడి.

సోమవారం పొద్దున అతను స్క్రూడ్రైవరూ, హెడ్‌ఫోనూ సంచీలో వేసుకుని దానవాయిపేటలో మొదటి ఇంటికి వెళ్ళాడు. అది డ్రిల్లు మాస్టారు సాంబమూర్తి గారిల్లు. ఒకప్పుడు ఆయన ఈల వేస్తే మూడు వీధుల పిల్లలు వరసలో నిలబడేవాళ్ళు. ఇప్పుడు మంచంమీద, మెడకి పట్టీతో, పైకప్పుకేసి చూస్తున్నారు. పక్కన స్పీకరు, “రావయ్యా, కూర్చో. కాఫీ తీసుకో” అంది. పెద్దాయన కొడుకు ఫణీంద్ర కుర్చీ జరిపి, పెట్టెలో ఏదైనా లోపమా అని అడిగాడు. చిన్న పరీక్షేనని తాతబ్బాయి చెప్పాడు.

రేకు విప్పుతుంటే ఫణీంద్ర సంతోషంగా మాట్లాడుతూనే ఉన్నాడు. తండ్రి ఇదివరకు ఎంత కోపిష్టో, కొడుకుతో పదేళ్ళు మాటల్లేకుండా ఎలా ఉన్నారో, ఈ పెట్టె వచ్చాక ఎంత మారిపోయారో చెప్పాడు. ఆస్తి కాగితాలమీద ఏం చెయ్యమంటారని అడిగితే, నీ ఇష్టం నాయనా అన్నారట. మేడమీద గది అమ్మేద్దామంటే అలాగే అన్నారట.

“ఒక్క మాట విసుక్కోరండి ఇప్పుడు. జబ్బు చేసి మా నాన్నని దేవుణ్ణి చేసేసిందనుకోండి.”

తాతబ్బాయి కనెక్టరుని ఒక పక్క కొంచెం పైకి లాగి, హెడ్‌ఫోను ముందు జాక్‌లో గుచ్చి, తన చెవులకి పెట్టుకున్నాడు. ఇసక. ఇసక. తర్వాత మాటలు. మంచంమీంచి మాస్టారి కళ్ళు పైకప్పుని వదిలి అతనిమీదికి తిరిగాయి. తాతబ్బాయి విన్నంతసేపూ విన్నాడు. రెండు చేతులతో హెడ్‌ఫోను తీసి గుండెలకి ఆనించుకున్నాడు.

ఏం వినపడుతోందండీ అంటూ ఫణీంద్ర నవ్వుతూ చెయ్యి చాపాడు.

“బాబూ,” అన్నాడు తాతబ్బాయి, “ముందు కూర్చోండి.”